గెలిచినవారు లేని ఆట



ఇంకా మాటలైనా రాని పసివాడొకడు, తనతోపాటు అదే రొమ్మున పాలు త్రాగే మరో బిడ్డను చూచి ముఖం పాలిపోయి గుర్రుగా చూశాడని పునీత అగుస్తీనువారు తమ ఆత్మకథలో వ్రాశారు. పాలకు కొరత లేదు. అయినా ఓర్వలేకపోయాడు. తమ్ముడు పుట్టగానే చంక దిగనని మారాం చేసే మూడేళ్ళవాణ్ణి పెంచిన తల్లులకు ఇది కొత్త సంగతి కాదు.

ఈ ఓర్వలేనితనాన్నే నవ్విస్తూ చూపే బొమ్మల కథ ఒకటి అమెరికా టీవీలో 1989 నుండి నడుస్తోంది. పేరు 'ది సింప్సన్స్'. బార్ట్ పదేళ్ళ అల్లరివాడు. చెల్లెలు లీసా ఎనిమిదేళ్ళ చదువరి. ముప్పై ఏళ్ళు దాటినా వారి వయస్సు పెరగదు, తగవూ తీరదు! అందులో పెద్దలపట్ల మర్యాద తక్కువని కొందరు విసుక్కుంటారు, అది నిజమే. అయినా దానికి ఇరవై ఏళ్ళు నిండిన 2009లో వాటికన్ పత్రిక 'లొస్సెర్వాతోరె రొమానో' మెచ్చుకుంటూ వ్రాసింది.

1994లో వచ్చిన ఒక భాగం మన కుటుంబాలకు బాగా పనికివస్తుంది. మంచుమీద ఆడే హాకీలో బార్ట్ దిట్ట. లీసాకు ఆటలు రావు. అటువంటి పిల్ల గోలు కాయడంలో అందరినీ మించగలదని అపు అనే భారతీయ దుకాణదారుడు కనిపెడతాడు. అంతవరకు కొడుకును చూసి మురిసిన తండ్రి హోమర్ ఇప్పుడు కూతుర్ని నెత్తిన పెట్టుకుంటాడు. ఇద్దరి జట్లూ ఎదురుపడే నాటికి, గెలిచిన బిడ్డకే తండ్రి మెప్పు అన్నట్లు ఇల్లంతా మారిపోతుంది. చివరి క్షణాలు. లెక్క సమానం. అన్న కొట్టాలి, చెల్లెలు ఆపాలి. ఒకరినొకరు చూసుకుంటారు, చిన్ననాటి మేళ్ళు గుర్తుకొస్తాయి. కర్రలు పారవేసి కౌగలించుకుంటారు. గెలుపు చూడవచ్చిన జనానికి మాత్రం కోపం వచ్చి ఆటస్థలాన్నే ధ్వంసం చేస్తారు.

పిల్లల తగవు పిల్లలది. దాన్ని పందెంగా మార్చేది పెద్దలు. ఈసాకుకు ఏసావు ముద్దు, రిబ్కాకు యాకోబు ముద్దు అని ఆదికాండము దాచకుండా చెబుతుంది. ఆ ఇంట్లో అన్నదమ్ములు విడిపోయింది ఆశీర్వాదం దగ్గరే అయినా, చీలిక మొదలైంది తల్లిదండ్రుల దగ్గర. రాచర్లలో మనం చేసేదేమిటి? "అక్కకు ఎన్ని మార్కులొచ్చాయో చూడరా" అంటాం, అదీ చుట్టాల ముందు. బుద్ధి వస్తుందని మన ఆశ. కుర్రవాడికి మాత్రం అక్కమీద కసి మిగులుతుంది.

ఒకనాడు పలక కోసం కొట్టుకున్నవారే పెద్దయ్యాక గట్టు కోసం, బోరు కోసం, అమ్మ మెడలోని గొలుసు కోసం కొట్టుకుంటారు. అన్నదమ్ముల తగవైతే పెద్దమనుషులు కూర్చుంటారు. ఆడబిడ్డ విషయంలో ఆ కూర్చోవడం కూడా ఉండదు. ఒక చీర పెట్టి సంతకం పెట్టించుకుంటారు. మనవంటి క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకపోతే కూతురికీ కొడుకుతో సమానవాటా ఉంది. ఆమె ఇష్టపూర్వకంగా వదులుకుంటే అది వేరు. అయితే "అడిగితే పుట్టిల్లు దూరమవుతుంది" అన్న భయంతో పెట్టిన సంతకాన్ని ఇష్టమని నేను అనలేను.

ఫ్రాన్సిస్ పోపుగారు 2015 ఫిబ్రవరిలో తమ బుధవారపు ఉపదేశాన్ని తోబుట్టువులకే కేటాయించి, కలహించి విడిపోయిన తోబుట్టువులను తలచుకున్నారు. మన గుడిలోనూ ఉన్నారు. ఒకే తల్లి బిడ్డలు పూజలో చెరొక వైపు కూర్చుంటారు, సమాధానం ఇచ్చుకునే వేళకు ప్రక్కవారి వైపు తిరుగుతారు. కానుకను పీఠం ముందే విడిచి ముందు సహోదరునితో సఖ్యపడమని ప్రభువు చెప్పింది ఇటువంటివారికి కాదా?

లూకా సువిశేషం 12వ అధ్యాయంలో ఒకడు గుంపులోనుండి ప్రభువును పిలిచి, ఆస్తిలో తన భాగం ఇమ్మని అన్నకు చెప్పమంటాడు. ప్రభువు ఆ తీర్పరి పదవిని ఒప్పుకోలేదు. వాటా వద్దని కాదు, పేరాశను గురించి జాగ్రత్తపడమన్నారు.

పొలం పంచుకోబోయేవారు, తల్లిదండ్రులు బ్రతికుండగానే ఆడబిడ్డను కూడా పిలిచి ఒక పూట అందరూ కలిసి భోజనం చేయండి. కాగితాలు ఆ తరువాత. పిలిస్తే నేనూ వస్తాను, వాటాలు తెంచడానికి మాత్రం కాదు.