డేగ ఆకలి

పెన్సిల్వేనియాలో లీహై లోయకు ఉత్తరాన గోడ కట్టినట్లు సాగే కొండవరుసను ఇక్కడివారు బ్లూ మౌంటెన్ అంటారు. ఆ కొండ నీడన ఉండేవారికి ఋతువులు పక్షుల రాకపోకల్లోనే తెలుస్తాయి. మే నెలలో దక్షిణం నుంచి వార్బ్లర్లు, వేసవిలో పూలచుట్టూ హమ్మింగ్‌బర్డ్, మంచు పడే రోజుల్లో ఉత్తరం నుంచి దిగివచ్చే బూడిదరంగు జంకోలు. చలికాలంలో మనలో చాలామందిమి పెరట్లో గింజల డబ్బా వేలాడదీస్తాం. భూతయజ్ఞం చేసినంత తృప్తి!

ఆ తృప్తి డేగ వచ్చేదాకానే. కూపర్స్ హాక్ దూసుకువచ్చి గువ్వను తన్నుకుపోతే పిల్లలు ఏడుస్తారు. "డాడీ, దాన్ని తరిమెయ్" అంటారు. తరమాలా?

శిబి చక్రవర్తి కథ మనందరికీ తెలిసిందే. పావురానికి అభయమిచ్చి తొడ మాంసం కోసి ఇచ్చాడని పిల్లలకు చెబుతాం. కానీ ఆ కథలో ధర్మసంకటం తెచ్చింది పావురం కాదు, డేగ. దానికి అభయమిస్తే నా ఆకలి మాటేమిటి అని అడిగింది. శిబి దాన్ని పాపిష్ఠిదని తరమలేదు. ఆ ఆకలీ న్యాయమేనని ఒప్పుకున్నాడు కనుకనే త్రాసు తెప్పించాడు.

ఇదే కొండవరుసమీద, కొంచెం పడమరగా, ఒకప్పుడు డేగ మాట ఎవరూ వినలేదు. 1929లో ఈ రాష్ట్రం గోషాక్ అనే డేగను చంపితే 5 డాలర్ల బహుమానం ప్రకటించింది. ఆకురాలు కాలంలో కొండగాలిమీద తేలుతూ దక్షిణానికి పోయే డేగలను జనం బండలమీద కూర్చుని కాల్చేవారు. 1934లో న్యూయార్క్‌కు చెందిన రోజలీ ఎడ్జ్ ఆ చోటును లీజుకు తీసుకుని, కాపలా పెట్టి, తుపాకులు ఆపించారు. అదే నేటి హాక్ మౌంటెన్. కాపలాకు వచ్చిన మారిస్ బ్రౌన్ డేగలను లెక్కపెట్టసాగారు. బాల్డ్ ఈగిల్ పిల్లలు తగ్గిపోతున్నాయని ఆ లెక్కల్లోనే బయటపడింది. 1962లో రేచెల్ కార్సన్ డీడీటీ గురించి రాసిన పుస్తకంలో వాటిని చూపారు. 1972లో అమెరికా డీడీటీ వాడకాన్ని దాదాపుగా నిషేధించింది. ఒకదాన్నొకటి తినే వరుసలో పైమెట్టున ఉన్నవాటి ఒంట్లోనే విషం ఎక్కువ పోగవుతుంది. ఆ మెట్టు దరిదాపుల్లో మనమూ ఉన్నామని వైద్యులమైన మాకు వేరే చెప్పనక్కరలేదు.

విజయదశమినాడు పాలపిట్ట కనబడితే శుభమంటాం. అది తినేది మిడతలు, బల్లులు, చిన్న కప్పలు. దండం పెట్టేటప్పుడు దాని మెనూ ఎవరూ అడగరు కదా!

ఇంతకీ పెరట్లో గువ్వలన్నిటినీ ఒకచోట చేర్చింది మనం పోసిన గింజలే. రెండు వారాలు డబ్బా దించేస్తే పిట్టలు చెదిరిపోతాయి, డేగ తన దారిన పోతుంది. డబ్బా కడగడానికీ అదే అదను. మురికి డబ్బాల దగ్గర పిట్టలకు కళ్ళజబ్బు అంటుకుంటుంది.

సెప్టెంబరు మధ్యలో బ్రాడ్‌వింగ్డ్ హాక్‌లు గుంపులుగా సుడి తిరుగుతూ దక్షిణ అమెరికా దారి పడతాయి. పిల్లల్ని హాక్ మౌంటెన్‌కు తీసుకెళ్ళండి. నార్త్ లుకౌట్‌కు సుమారు మైలు నడక, దారంతా రాళ్ళు. మంచి బూట్లు వెయ్యండి. అమ్మమ్మలూ తాతయ్యలూ సౌత్ లుకౌట్ దగ్గర ఆగవచ్చు, అక్కడినుంచీ బాగానే కనబడతాయి.