మాట వెనుక సొమ్ము

చదువవలసిన వాక్యభాగము: నెహెమ్యా 6:10-14



నెహెమ్యా యెరూషలేము ప్రాకారమును కట్టించుచున్న దినములలో షెమయా అనువాడు అతనికి ఒక హెచ్చరిక చెప్పెను. శత్రువులు రాత్రివేళ చంపవచ్చెదరు గనుక దేవాలయములో దాగుకొందమని అతని మాట. వినుటకు అది స్నేహితుని మాటవలెనే యున్నది. అయితే అది దేవుడు పంపిన మాట కాదని నెహెమ్యా గ్రహించెను. టోబీయాయు సన్బల్లటును సొమ్మిచ్చి దానిని పలికించిరి. నోరు షెమయాది, సొమ్ము శత్రువులది. నెహెమ్యా భయపడి దాగినయెడల నిందపాలగును. వారి కోరిక అదియే.

ఎన్నికల కాలములో ఇట్టి మాటలు మన గడపలకును వచ్చును. మన దేశపు చట్టమును ఈ అపాయమును ఎరుగును. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టములో 1961లో చేర్చిన 127ఎ సెక్షను ప్రకారము, ఎన్నికల కరపత్రముమీదను గోడపత్రికమీదను అచ్చువేసినవాని పేరు, ప్రచురించినవాని పేరు, వారి చిరునామాలు ఉండవలెను. ప్రచురించువాడు తానెవడో వ్రాసి సంతకము చేసి, తన్ను ఎరిగిన ఇద్దరిచేత సాక్ష్యము వేయించి ఇచ్చినగాని అచ్చువేయరాదు. తప్పినవారికి 6 నెలలవరకు ఖైదు, లేక 2,000 రూపాయలవరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును.

పార్టీలకు సొమ్ము ఎక్కడినుండి వచ్చుచున్నదో కూడ ప్రజలకు తెలియవలెను గదా. 2018లో మొదలైన ఎన్నికల బాండ్లలో ఇచ్చినవాని పేరు ఓటరుకు మరుగై యుండెను. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఐదుగురు ఏకముగా ఆ పద్ధతిని కొట్టివేసి, అది ఓటరు తెలిసికొను హక్కుకు విరుద్ధమని తీర్పు చెప్పిరి.

అయినను చట్టమునకు అంతయు చిక్కదు. కాగితముమీద ఒకని పేరుండగా సొమ్మిచ్చినవాడు అతని వెనుక నిలువవచ్చును. సెల్‌ఫోనులో ఒకరినుండి ఒకరికి వచ్చు మాటకు ఆ పేరును ఉండదు. గనుక విశ్వాసి తానే అడుగవలెను: దీనిని ఎవరు పంపిరి? ఎవరు ఖర్చు పెట్టిరి? నేను భయపడినను, పొరుగువానిని ద్వేషించినను, లాభము ఎవరికి?

ఇతరులను అడుగుట సులభము. ఒకసారి ఎన్నికల ముందర మా గుడి పైకప్పు రేకులకని కొంత సొమ్ము వచ్చెను. తెచ్చినవాడు మా సంఘస్థుడే. ఎవరిచ్చిరో అతడు చెప్పలేదు, మేమును అడుగలేదు. గుడి కురియుచున్నది గనుక అడుగుటకు మనస్సు రాలేదు. దాత తన పేరు చెప్పుట కిష్టపడలేదని ఆదివారము నేనే ప్రకటన చదివితిని. మరుసటి వారము అతడే వచ్చి, ఆరాధనలో ఒక అభ్యర్థిని గూర్చి మంచిమాట చెప్పుమనెను. అప్పుడు నా నోరు పెగలలేదు. షెమయా నాకు దూరపువాడు కాడని ఆ దినమున తెలిసికొంటిని. పెద్దలము కూడి సొమ్ము తిరిగి యిచ్చితిమి. ఆ వానకాలమంతయు తడిసిన చాపలమీదనే ఆరాధించితిమి.

ధర్మము రహస్యముగా చేయవలెనని ప్రభువు బోధింపలేదా అని కొందరందురు. మత్తయి 6వ అధ్యాయములో ఆయన చెప్పినది బీదలకిచ్చు ధర్మమును గూర్చి. అది మనుష్యులనుండి మారు కోరదు. ఓటు కోరి యిచ్చునది ధర్మము కాదు, కొనుగోలు. కొనువాడే తన ముఖము దాచుకొనును.

కాబట్టి పేరులేని కరపత్రమును గుడిలో చదువకుడి. ఎక్కడనుండి వచ్చెనో తెలియని మాటను ఫోనులో ఇంకొకరికి పంపకుడి. ఎవరిదో తెలియని సొమ్మును సంఘపు పెట్టెలో వేయనియ్యకుడి. మీ ఓటును దేవునియెదుట, మీ మనస్సాక్షియెదుట వేయుడి. నెహెమ్యా దాగలేదు గనుకనే ప్రాకారము 52 దినములలో ముగిసెను.

ప్రభువా, మా చెవులకు వివేకమును, మా చేతులకు శుద్ధిని దయచేయుము. ఆమేన్.