వియన్నాలో నాలుగు రాత్రులు, నాలుగు సుఖాలు



మొన్న ఆదివారం వందన అయ్యాక విహారంలో ఒక ఉపాసకుడు నన్ను అడిగాడు. "అన్నా, నేను రిటైరయ్యాను. మా ఆవిడా నేనూ వియన్నా చూసొద్దామనుకుంటున్నాం. నాలుగు రాత్రులు, రింగ్‌స్ట్రాసె రోడ్డు మీద ఫైవ్ స్టార్ హోటల్లో. మా నాన్న ఇటుక బట్టీలో పనిచేసినోడు. ఇది నాకు తగునా? తృష్ణ కాదా?"

పక్కనున్న ఇంకో ఉపాసకుడు ఊరుకోలేదు. "ఆ డబ్బు సమాజానికివ్వొచ్చు గదా!" అన్నాడు. అడిగినాయన తల దించుకున్నాడు.

ఆ తల దించుకోవడం నన్ను రాత్రంతా వదల్లేదు. పైకులపోళ్ళు విదేశాలకు పోయేటప్పుడు తల దించుకుంటారా? మంచి గుడ్డ, మంచి ఇల్లు, ఊరి నడిమి దారి మీకు తగవని మన తాతలకు చెప్పిందెవరు? ఆ మాటకే తృష్ణ అని పేరు మార్చి మనకు మనమే చెప్పుకుంటే అది ధమ్మం కాదు, పాత బానిసత్వమే.

తథాగతుడు గృహస్థుకు పేదరికం బోధించలేదు. అనాథపిండికుడికి నాలుగు సుఖాలు చెప్పాడు. న్యాయంగా సంపాదించింది ఉండటం ఒక సుఖం. దాన్ని అనుభవించి, పుణ్యకార్యాలకు వాడటం రెండోది. అప్పు లేకపోవడం మూడోది. మనసా వాచా కర్మణా నింద లేకుండా బతకడం నాలుగోది. అన్నిటికన్నా గొప్పది ఈ నాలుగోదే. సిగాలుడికైతే లెక్క కూడా చెప్పాడు: సంపాదనలో ఒక భాగం అనుభవానికి, రెండు భాగాలు పనికి, నాలుగో భాగం ఆపదకు దాచుకోవాలి.

కాబట్టి ఆ ఉపాసకుడు తనను తాను అడగాల్సినవి ఇవి. ఈ ఖర్చు ఆ ఒక్క భాగంలో ఇముడుతుందా? అప్పు చేసి పోతున్నానా? నా ఆనందానికి, లేక ఫోటోలు పెట్టి పక్కింటోడిని చిన్నబుచ్చడానికా? తృష్ణ హోటల్ గదిలో ఉండదు, ఈ చివరి ప్రశ్నకు మనం చెప్పే జవాబులో ఉంటుంది.

ఇక నింద లేని సుఖం సంగతి. 1857లో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ పాత కోటగోడలు కూల్చమన్నాడు. ఆ జాగాలోనే రింగ్‌స్ట్రాసె, దాని వెంట భవంతులు లేచాయి. ఇటుకలు వీనర్‌బెర్గ్ బట్టీల నుంచి వచ్చేవి. అక్కడ చేసింది ఎక్కువగా వలసొచ్చిన చెక్ కూలీలు. 1888లో విక్టర్ ఆడ్లర్ అనే డాక్టరు రహస్యంగా ఆ బట్టీల్లోకి పోయి చూశాడు. కూలీ డబ్బుకు బదులు రేకు బిళ్ళలిస్తున్నారు. అవి కంపెనీ కొట్లోనే చెల్లుతాయి. ఇదంతా ఆయన తన పత్రికలో రాశాడు. ఆ పత్రిక పేరుకు అర్థం సమానత్వం. బట్టీ కూలీ కొడుకు ఆ రోడ్డు మీద నడిచేటప్పుడు సిగ్గుపడాల్సిన పని లేదు. ఆ గోడల వెనక ఎవరి చేతులున్నాయో అందరికన్నా బాగా తెలిసేది అతనికే.

ఒపెరా చూడండి. ఆ వెనకనే ఆల్బెర్టినా ముందు ఒక శిల్పముంది. మోకాళ్ళ మీద వంగి వీధి కడుగుతున్న యూదుడు. 1938లో నాజీలు వాళ్ళచేత అలా కడిగించారు, జనం చుట్టూ నిలబడి నవ్వారు. మనకు ఆ దృశ్యాన్ని వివరించి చెప్పాలా? అక్కడ కాసేపు ఆగి మైత్రీ భావన చేయండి.

ఒక పూట కార్ల్ మార్క్స్ హోఫ్‌కు పోయి రండి. 1927 నుంచి 1930 దాకా నగరపాలక సంస్థ కార్మికుల కోసం కట్టిన 1,382 ఇళ్ళు. అప్పటి పాలకులు పెద్ద ఇళ్ళ మీద ఎక్కువ పన్ను వేశారు, కార్లు, నౌకర్లు లాంటి విలాసాల మీద కూడా వేశారు. ఆ డబ్బుతో పేదలకు ఇళ్ళు కట్టారు. విలాసాన్ని నిషేధించలేదు, దానిచేత బాధ్యత మోయించారు.

రెండో ఉపాసకుడి మాటలోనూ నిజముంది. చదువుకున్నవాళ్ళు తమ జనాన్ని మరిచారని బాబాసాహెబ్ 1956లో ఆగ్రాలో బాధపడ్డారు. అదే ఏడు నాగపూర్‌లో, రాబడిలో ఇరవయ్యో వంతు ధమ్మకార్యానికి ఇమ్మని అడిగారు. ఆ వంతు ముందు తీసిపెట్టండి, తర్వాత టికెట్ కొనండి. హోటల్లో గది ఊడ్చే ఆమెకు నమస్కారం పెట్టండి, టిప్పు మరవకండి.

ఆ అన్నకు నా జవాబు ఇదే: పోయి రండి, తలెత్తుకుని పోయి రండి. వచ్చాక ఆ ఇటుకల కథ మన పిల్లలకు చెప్పండి.

భవతు సబ్బ మంగళం.