కుక్కపిల్ల వెల

ధ్యానభాగములు: ద్వితీయోపదేశకాండము 22:6, 7; 1 కొరింథీయులకు 10:25–28



సంఘపత్రికలో కుక్కపిల్లను గూర్చి వ్రాయుట ఏమిటని కొందరు నవ్వవచ్చును. గొఱ్ఱెలను గూర్చి వ్రాసినప్పుడు ఎవరును నవ్వరు. అయినను లాజరు ధనవంతుని వాకిట పడియున్నప్పుడు అతని కురుపుల యొద్దకు వచ్చినవి కుక్కలే గదా (లూకా 16:21). కావున కొంచెము ఓపికతో చదువుడని కోరుచున్నాము.

మొదట మా తప్పు చెప్పుకొందుము. కొన్ని యేండ్ల క్రిందట క్రిస్మసు దినములలో మా చిన్నవాడు తెల్లని బొచ్చుకుక్కపిల్ల కావలెనని పట్టుపట్టెను. బంధువు ఒకడు ఫోనులో బొమ్మ చూపించెను. వెల ఆరువేల రూపాయలు. మేము డబ్బు పంపితిమి. వారు చిల్లులు పొడిచిన అట్టపెట్టెలో పెట్టి బెంగుళూరు నుండి మదనపల్లె బస్సులో దానిని పంపిరి. బస్టాండులో పెట్టె విప్పి చూడగా అది వణకుచుండెను. రెండు నెలల పిల్ల అని మాతో చెప్పిరి గాని, దాని పండ్లు చూచిన పశువైద్యుడు నెల నిండి ఎన్నో దినములు కాలేదనెను. నాలుగవ దినమున వాంతులు, రక్తవిరేచనములు మొదలాయెను. పార్వో అను అంటురోగమని సెలైను ఎక్కించిరి. తొమ్మిదవ దినమున చచ్చెను. మా చిన్నవాడు పెరటిలో చింతచెట్టు క్రింద గుంట త్రవ్వుచు, "నాయనా, దీని అమ్మ ఎక్కడుండాది?" అని అడిగెను.

ఆరువేలు లెక్కపెట్టిన మేము ఆ ఒక్క ప్రశ్న అడుగలేదు.

తరువాత విచారించితిమి. కుక్క సాధారణముగా సంవత్సరమునకు రెండుమారులు ఎదకు వచ్చును. రెండు నెలలు మోసి ఈనును. అమ్మకమే పనిగా పెట్టుకొన్న కొన్ని చోట్ల ఆడుకుక్కను ఇనుప పంజరములో నుంచి, ఎదకు వచ్చిన ప్రతిమారు దాటించి, పిల్లలకు నెల నిండగానే లాగికొని అమ్మివేయుదురు. దాని కాళ్లు నేల త్రొక్కవు. ఈనుట ఉడిగిన దినమున ఏదో ఒక రోడ్డుప్రక్క విడిచిపోవుదురు. ఇంగ్లీషువారు ఇట్టి స్థలమును పిండిమరతో పోల్చి పప్పీ మిల్లు అందురు. గింజలు పోసినకొలది పిండి రాలినట్లు రూకలు పోసినకొలది పిల్లలు రాలును. 2003లో హచ్ అను ఫోను కంపెనీవారి ప్రకటనలో ఒక పిల్లవాని వెంట పగ్ జాతి కుక్క నడచుట చూచి దేశమంతట జనులు ఆ చప్పిడిముక్కు కుక్కను కోరిరి. ఆ ముక్కుతో మన వేసవిలో ఊపిరి పీల్చుట దానికెంత కష్టమో ప్రకటనలో కనబడలేదు.

చట్టము లేకపోలేదు. జంతుహింస నివారణ చట్టము 1960లో వచ్చెను. దాని క్రింద 2017లో చేసిన నిబంధనల ప్రకారము కుక్కపిల్లలను అమ్ముటకై పెంచువాడు రాష్ట్ర జంతుసంక్షేమ బోర్డు నొద్ద నమోదు కావలెను; ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు; తల్లిని సంవత్సరమునకు ఒక్క ఈతకు మించి ఈనింపరాదు. మేము కొన్న నాడు ఈ నిబంధన లున్నవో లేవో మేము అడుగనే లేదు.

అయితే ఈ మాట మోషే దినములనుండి యున్నదే. త్రోవలో పక్షిగూడు కనబడినయెడల పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని పట్టరాదని ద్వితీయోపదేశకాండము చెప్పుచున్నది. దూడయైనను గొఱ్ఱెపిల్లయైనను పుట్టిన ఏడు దినములు తల్లియొద్ద నుండవలెనని లేవీయకాండము 22:27లో నున్నది. పక్షిని గూర్చిన ఆజ్ఞకు చేర్చిన దీవెన చూడుడి: మేలు కలుగును, దీర్ఘాయువు కలుగును. తలిదండ్రులను సన్మానించు ఆజ్ఞకు చేర్చిన దీవెన ఇదియే. ఇంత చిన్న ఆజ్ఞకు అంత పెద్ద దీవెన ఏలనో సెమినరీలో చదివిన నాళ్లలో మాకు తోచలేదు. చింతచెట్టు క్రింద కొంత తోచినది.

ఈ సంగతి కూటములో చెప్పినప్పుడు మన పెద్దలలో ఒకరు మంచి ప్రశ్న వేసిరి. "అయ్యగారూ, అంగడిలో మాంసము కొనునప్పుడు ఎక్కడిదని విచారింపనక్కరలేదని పౌలే వ్రాసెను గదా? కొనువాడు చూడని పాపము కొనువానికి ఏల అంటును?" ఆ రాత్రి మేము సరిగా జవాబు చెప్పలేకపోతిమి. ఇప్పుడు చెప్ప ప్రయత్నించెదము. కొరింథులో సందేహము విగ్రహమును గూర్చినది. విగ్రహము వట్టిదని పౌలు ముందుగానే చెప్పెను. లేనిదానికి భయపడవద్దని మనస్సాక్షిని విడిపించెను. పంజరములోని తల్లి వట్టిది కాదు. దానికి ఆకలి కలదు, నొప్పి కలదు. పైగా మూడు వచనముల తరువాత, ఒకడు మీతో చెప్పినయెడల తినవద్దనియు ఆయనే వ్రాసెను. అక్కడ ఆయన తలచినది చెప్పినవాని మనస్సాక్షిని, నిజమే. అయినను తెలియకమునుపు ఒక లెక్క, తెలిసిన తరువాత ఒక లెక్క అని ఆయన ఒప్పుకొనుచున్నాడు. బేత్లెహేము బావినీళ్లను దావీదు త్రాగకపోయినది ఇందుకే గదా (2 సమూయేలు 23:15–17). నీళ్లలో దోషము లేదు. అవి ఎట్లు వచ్చెనో అతనికి తెలిసెను.

ఇంకొక చిక్కు కలదు. పెట్టెలో వణకుచున్న పిల్లను చూచినప్పుడు, మనము కొననియెడల దాని గతి ఏమగునని మనస్సు కరగును. జాలిపడి కొన్నవాడు ఒక పిల్లను విడిపించును. ఆ రూకలే తల్లికి మరియొక చూలు తెచ్చును. దీనికి సుళువైన జవాబు మాయొద్ద లేదు. కొనవద్దనియే చెప్పుదుము గాని, కొన్నవానిని గద్దింపము.

ఇదంతయు పట్టణపువారి పాపమని నిమ్మనపల్లె ప్రాంతమువారమైన మనము తృప్తిపడనక్కరలేదు. మన కల్లములలో ఈనిన కుక్కపిల్లలలో మగవాటిని ఏరుకొని, ఆడవాటిని గోనెసంచిలో కట్టి ఏటి అవతల విడిచివచ్చుట మనకు వాడుకే. ఒక అవ్వను దీనిని గూర్చి అడిగితిమి. "ఆడదాన్ని ఎవురు పెంచుతారు అయ్యగారూ? ఈనినప్పుడంతా ఆరేడు పెడతాది. మాకే గంజి లేదు" అనెను. ఆమె మాట నిజమే. కూలికి బెంగుళూరు పోయి తాళము వేసిన ఇండ్ల గడపలయొద్ద కావలి పడియున్న కుక్కలనుకూడ మీరు చూచియున్నారు. కుక్క పన్నెండేండ్లు బ్రదుకగలదు. అన్నాళ్లు దానికి పిడికెడు ముద్ద వేయువారెవరో లెక్కచూచుకొనక దానిని ఇంటికి తేరాదు. ఆడుకుక్కకు పిల్లలు పుట్టకుండ ఆపరేషను చేయుదురు, పశువైద్యశాలలో అడుగుడి. పిల్లకు మూడు నెలలకు రేబిస్ టీకా వేయించి, ఏటేట మరల వేయించుడి. మనుష్యులకు వచ్చు రేబిస్ దాదాపు అంతయు కుక్కకాటు వలననే వచ్చును. వచ్చిన తరువాత బ్రదుకుట లేనట్టే. జూలై 6న ప్రభుత్వ పశువైద్యశాలలలో ఈ టీకా ఉచితముగా వేయుట వాడుక; 1885లో ఆ దినముననే లూయీ పాశ్చర్ ఒక బాలునికి మొదటి టీకా వేయించెను.

ఆ అవ్వ కల్లములోనే మరుసటి ఈతలో మిగిలిన ఆడుపిల్లను మా చిన్నవాడు కోరెను. ఈమారు వాడు మొదట తల్లిని చూడవలెననెను. అది వరిగడ్డివామి క్రింద పడుకొని మమ్మును చూచి గుర్రుమనెను. పిల్లకు అప్పటికి అయిదు వారములే. మరి మూడు వారములు అక్కడనే యుంచి, తల్లికి దినమొక ముద్ద పంపుచు వచ్చితిమి. వెల ఏమి ఇవ్వవలెనని అడుగగా అవ్వ నవ్వెను. సమయము వచ్చినప్పుడు ఆపరేషను చేయించితిమి.

మొన్న ఆదివారము ఆరాధనవేళ అది గుడి గుమ్మమునకు అడ్డముగా పడుకొనియుండెను. అవ్వ ఆలస్యముగా వచ్చి, "పక్కకు జరగవే" అనెను. అది తోక ఆడించెను గాని జరుగలేదు. అవ్వ చీరకుచ్చెళ్లు ఎత్తిపట్టి దానిని దాటి లోనికి వచ్చెను.