పొరుగింటి పెట్టెలో పూర్వికులు

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో తమ వంశం పుట్టుపూర్వోత్తరాలు వెతుక్కునేవాళ్లకు కొదవ లేదు. నార్త్ కరోలినాలోనో అలబామాలోనో నూరెకరాల లోపు భూమిలో మొక్కజొన్న, పత్తి, పొగాకు పండించి, పిల్లల్ని కని, అప్పులు తీర్చో తీర్చకో కన్నుమూసిన ఒక రైతు దంపతుల కోసం వాళ్ల మునిమనవలు జనగణన పత్రాలూ, కౌంటీ కోర్టు దస్తావేజులూ, చర్చి పుస్తకాలూ, సమాధి రాళ్లూ గాలిస్తారు. ఆ గాలింపు ఎప్పుడూ పైకే సాగుతుంది. తండ్రి, ఆయన తండ్రి, ఆ పైన సముద్రం దాటి వచ్చిన మొదటి మనిషి. ఇంటిపేరు పట్టుకుని నిచ్చెన ఎక్కినట్టు ఎక్కుతారు. ఈ పద్ధతి మీదే నాకు అభ్యంతరం. దక్షిణాది రైతు కుటుంబపు చరిత్రలో సగానికి సగం ఆ కుటుంబం దగ్గర ఉండదు. పక్క పొలం వాళ్ల వీలునామాలో, అప్పిచ్చిన దుకాణదారు చిట్టాలో, సాక్షి సంతకం చేసిన వియ్యంకుడి పెట్టెలో ఉంటుంది. ఒక ఇంటి కథను ఆ ఒక్క ఇంటి గోడల మధ్యే ఉంచి నిజాయితీగా రాయడం అక్కడ సాధ్యం కాదని నా వాదన.

ముందు తెల్ల దంపతుల సంగతి చూద్దాం, కాగితాలు ఎక్కువగా మిగిలింది వాళ్లకే కనక. 1790లో మొదలైన దేశవ్యాప్త జనగణన 1840 దాకా ఇంటి పెద్ద పేరొక్కటే రాసుకుంది. మిగిలినవాళ్లు వయసుల వారీగా వేసిన అంకెలు. బానిసలు కాని ప్రతి మనిషి పేరూ రాయడం 1850లో మొదలైంది. ఇంటి పెద్దకు ఎవరు ఏమవుతారో అడిగింది 1880లో. కాబట్టి 1830లో పెళ్లయిన రైతు భార్య ఇరవయ్యేళ్లపాటు ప్రభుత్వానికి ఒక అంకె. ఆ తర్వాత పేరు వస్తుంది, పుట్టింటి పేరు మాత్రం రాదు. 1870లో ఆమె వృత్తి గడిలో ‘ఇల్లు చూసుకుంటుంది’ అని రాశారు, పత్తి చేలో వంగి వంగి నడుం పడిపోయినా సరే. అయితే 1850 నుంచి 1880 దాకా జనగణనతో పాటు వ్యవసాయానికి వేరే పట్టిక ఒకటి తయారైంది. ఏడాదికి 100 డాలర్ల దిగుబడి కూడా లేని కమతాలను మొదటి రెండు విడతల్లో అది వదిలేసింది గానీ, మిగిలినవాళ్ల గురించి విలువైన సంగతులు చెబుతుంది. వరస మొదట్లో ఉండే పేరు భర్తది. ఎకరాలు, కంచర గాడిదలు, పందులు, మొక్కజొన్న బుషెళ్లు, పత్తి బేళ్లు దాటుకుంటూ పోతే, వెన్న ఎన్ని పౌండ్లు, తేనె ఎంత, ఇంట్లో తయారైన సరుకు విలువెంత అనే గడులు వస్తాయి. 1880 నాటికి కోడిగుడ్ల లెక్కా చేరింది. వెన్న చిలికిందెవరో, మగ్గం మీద కూర్చున్నదెవరో, కోళ్లకు గింజలు చల్లిందెవరో తెలుసుకోవడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. ఆ ఇల్లాలి చరిత్ర ఆ పట్టికలో ఉంది, మొగుడి పేరు కింద.

ఆమె పుట్టింటివాళ్లెవరో తెలియాలంటే ఈ ఇంటి గడప దాటక తప్పదు. తండ్రి వీలునామాలో కూతురిని పెళ్లైన ఇంటిపేరుతో ప్రస్తావించిన వాక్యం దొరకాలి. లేదా తండ్రి పోయాక అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ భూమి పంచుకున్న కాగితం దొరకాలి. భర్త పోతే అతని భూమిలో మూడోవంతును బతికినన్నాళ్లు అనుభవించే హక్కు భార్యకు ఉండేది. అందుకే చాలా రాష్ట్రాల్లో భూమి అమ్మేటప్పుడు అధికారి ఆమెను భర్త ఎదుట కాకుండా విడిగా ప్రశ్నించి, ఇష్టపూర్వకంగానే ఒప్పుకుందని దస్తావేజుకు జతచేసేవాడు. రేపు వితంతువు వచ్చి వాటా అడుగుతుందేమోనని కొనేవాడికున్న భయమే ఆమె పేరును రికార్డుకెక్కించింది. ఆ దస్తావేజు మీద సాక్షులుగా ఉన్నవాళ్లలో ఆమె అన్నో బావో ఉండే అవకాశం ఎక్కువ. ఎలిజబెత్ షోన్ మిల్స్ వంటి పరిశోధకులు బంధువులతో ఆగిపోకుండా స్నేహితులను, సహచరులను, ఇరుగుపొరుగును కూడా గాలించమని పట్టుబట్టింది ఇందుకే. వాళ్లు దీన్ని పరిశోధన మెళకువగా చెప్పారు. అంతకంటే లోతైన విషయం అందులో ఉందని నాకు అనిపిస్తుంది.

అదేమిటో నల్ల దంపతుల వైపు నుంచి చూస్తే స్పష్టమవుతుంది. 1850, 1860 జనగణనల్లో బానిసలకు విడి పట్టిక పెట్టారు. దాంట్లో పేరు యజమానిది. దాని కింద బానిసల వయసు, ఆడో మగో, ఒంటి రంగు. అరుదైన మినహాయింపులు వదిలేస్తే వాళ్ల పేర్లు లేవు. విముక్తి పొందినవాళ్లందరినీ పేరు పేరునా రాసిన మొదటి దేశవ్యాప్త జనగణన 1870 నాటిది. చాలా నల్ల కుటుంబాల వెతుకులాట అక్కడికొచ్చి గోడకు తగిలి ఆగుతుంది. దానికి ముందు కొన్ని సన్నటి దారులున్నాయి. నార్త్ కరోలినాలో 1866లో చేసిన చట్టం ప్రకారం, బానిసత్వంలో చట్టబద్ధంగా పెళ్లి చేసుకునే వీల్లేక కాపురం చేసిన జంటలు అధికారి ముందుకొచ్చి, ఎన్నేళ్లుగా భార్యాభర్తలుగా ఉంటున్నారో చెప్పి నమోదు చేయించుకోవాలి. రుసుము 25 సెంట్లు. ఆ పుస్తకాల్లో ముప్పయ్యేళ్ల, నలభయ్యేళ్ల కాపురాలు ఒక్కో వరసలో కనిపిస్తాయి. అప్పటిదాకా రాజ్యం లేవనుకున్న సంసారాలవి. అంతకంటే వెనక్కి పోవాలంటే మాత్రం దారి ఒక్కటే, యజమాని కాగితాలు. అతని వీలునామా, చనిపోయాక వేసిన ఆస్తుల జాబితా, అమ్మకపు పత్రం, కొన్ని ఇళ్లలో బైబిలు వెనక పేజీల్లో బానిసల పిల్లల పుట్టిన తేదీలు.

ఇప్పుడు ఈ రెండు వెతుకులాటలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒక తండ్రి వీలునామాలో, ఫలానావాడి భార్య అయిన నా కూతురికి ఫలానా పిల్లను, ఆమెకు పుట్టబోయే సంతానంతో సహా ఇస్తున్నాను అని ఉంటుంది. ఇలాంటి వాక్యాలు ఆ కాలపు కౌంటీ పుస్తకాల నిండా ఉన్నాయి. తెల్ల కుటుంబం వారసుడికి ఆ వాక్యం తన అవ్వ పుట్టింటికి రుజువు. నల్ల కుటుంబం వారసురాలికి తన అవ్వ అసలు ఉందనడానికి అదొక్కటే రుజువు కావచ్చు. ఇద్దరి వంశవృక్షాల వేళ్లూ ఒకే వాక్యంలో ఉన్నాయి. అందులో తనకు పనికొచ్చే సగం చదివి, రెండో సగం వదిలేసిన మనిషి తన అవ్వ గురించి కూడా పూర్తిగా తెలుసుకోలేదు. అత్తవారింటికి ఆమె ఏం తీసుకెళ్లిందో, వెన్న గడిలోని పౌండ్లలో ఆమె చిలికినవెన్నో, ఆ పిల్ల చిలికినవెన్నో తెలియకుండా ఆమె గురించి ఏం చెబుతాడు?

దీనికొక గట్టి అభ్యంతరం ఉంది. బానిసత్వం ఉన్న రాష్ట్రాల్లో 1860 నాటికి బానిసలున్న తెల్ల కుటుంబాలు నాలుగింట ఒక వంతుకు అటూ ఇటూగా మాత్రమే. మిగతావాళ్లు సొంత రెక్కల మీద బతికిన చిన్న రైతులు. వాళ్ల చరిత్రలోకి ఈ లెక్క ఎందుకు లాగుతున్నారని అడగవచ్చు. లెక్క నిజమే. కానీ ఆ చిన్న రైతు ఒంటరి ద్వీపంలో సేద్యం చేయలేదు. పత్తి గింజ తీయించుకోవడానికి వెళ్లింది పెద్ద ఆసామి జిన్నుకు. కోతల కాలంలో అతని బానిసలను అద్దెకు తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. రాత్రిపూట బానిసలు రోడ్డెక్కకుండా కాపలా కాసే గస్తీలో వంతు వేసిందీ ఇలాంటివాళ్లే. అంతర్యుద్ధం తర్వాత ఈ ముడి ఇంకా బిగిసింది. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ పంటలో పాలుకు సాగు చేశారు, రాబోయే పంటనే తాకట్టు పెట్టి దుకాణంలో ఉప్పూ పిండీ ఎరువూ అరువు తెచ్చుకున్నారు. ఆ తాకట్టు పత్రాలు కౌంటీ కోర్టులో నమోదయ్యేవి. వాటిలో కంచర గాడిద రంగూ వయసూ, ఒక్కోసారి పేరూ ఉంటాయి. సొంత భూమి లేక ఏటా పొలం మారిన దంపతులు ఏ సంవత్సరం ఎక్కడున్నారో చెప్పే ఆనవాలు చాలాసార్లు ఆ గాడిద ఒక్కటే. పుట్టుకలు, చావులు రాష్ట్రం నమోదు చేయడం అలబామాలో 1908లో, నార్త్ కరోలినాలో 1913లో గానీ మొదలు కాలేదు మరి.

ఆ ముడికి ఒక ఉదాహరణ. నార్త్ కరోలినాలోని కాస్వెల్ కౌంటీలో 1839లో ఏబిషా స్లేడ్ పొలంలో స్టీఫెన్ అనే బానిస పొగాకు ఆరబెట్టే కొట్టంలో ఆరిపోతున్న నిప్పును కొలిమి బొగ్గులతో రాజేస్తే, ఆ వేడికి ఆకు పసుపుపచ్చగా తేలిందని చెబుతారు. ఆ పసుపు ఆకుతో స్లేడ్ పేరూ డబ్బూ సంపాదించాడు, చుట్టుపక్కల జిల్లాల చిన్న రైతుల నసీబు కూడా మారింది. వేడి గొట్టాలతో ఆకు ఆరబెట్టే పద్ధతి అక్కణ్నుంచి ఎదిగిందే. గుంటూరు, ప్రకాశం రైతులు బ్యారన్లలో కాల్చే వర్జీనియా పొగాకూ ఆ కుదురుదే. ఒక్క బానిసనూ కొనని కాస్వెల్ రైతు దంపతులు 1870ల్లో కొత్త ఇల్లు కట్టుకున్నారంటే ఆ ఇంటి చరిత్రలో స్టీఫెన్‌కు చోటుందా లేదా? ఉందనే నేనంటాను.

మరొకరు ఇంకోలా అడ్డుకుంటారు. ఎప్పుడో పోయినవాళ్ల పాపాలు తవ్వి మనవల మెడకు చుట్టడం దేనికని. ఇక్కడ నేను పాపపుణ్యాల గురించి మాట్లాడడం లేదు, కాగితాల గురించి మాట్లాడుతున్నాను. దస్తావేజుల నకళ్లు కోర్టు పుస్తకాల్లో ఉంటాయి. అమ్మకపు పత్రాలు, దినచర్య పుస్తకాలు, బైబిలు పేజీలు మాత్రం ఇప్పటికీ చాలావరకు ఇళ్ల అటకల మీదే ఉన్నాయి. కోర్టు తగలబడిన కౌంటీల్లో అవే దిక్కు. మనవడు నిర్దోషే. కానీ మరో కుటుంబపు పూర్వికుల ఏకైక ఆచూకీ అతని పెట్టెలో ఉన్నంతవరకు, ఆ పెట్టె మా ఇంటి సొంత విషయం అనే మాట నిలవదు.

కాగితాలతో ఏం పని, ఇళ్లలో చెప్పుకున్న కథలు లేవా అనేవాళ్లూ ఉన్నారు. అలెక్స్ హేలీ తన వంశం గురించి రాసిన ‘రూట్స్’ పుస్తకం 1976లో వచ్చినప్పుడు దేశమంతా ఊగిపోయింది. టెనెసీలోని హెన్నింగ్‌లో అవ్వలు చెప్పుకున్న కథే దాని పునాది. తర్వాతి పరిశోధకులు ఆ కథను వర్జీనియా కోర్టు కాగితాలతో సరిపోల్చి, మనుషులూ తేదీలూ చాలాచోట్ల కలవవని చూపారు. దీన్నిబట్టి నోటిమాట పనికిరాదని తేల్చడం తొందరపాటు. ఎక్కడ వెతకాలో చెప్పేది ఆ నోటిమాటే. అది నిజమో కాదో తేల్చాలంటే మళ్లీ యజమాని పెట్టె తెరవాలి. డీఎన్ఏ పరీక్షకూ అంతే పరిమితి ఉంది. ఇద్దరు మనుషులు దూరపు చుట్టాలని అది చెబుతుంది. ఏ పొలంలో, ఏ ఏడు, ఎవరి బలవంతం మీద ఆ చుట్టరికం పుట్టిందో చెప్పదు. తెల్ల వంశవృక్షాల్లోనూ నల్ల వంశవృక్షాల్లోనూ ఒకే పూర్వికుడు తేలుతున్న ఈ రోజుల్లో నా వాదనకు అది ఎదురు సాక్ష్యం కాదు, అదనపు సాక్ష్యం.

నాకు నిజంగా బరువనిపించే అభ్యంతరం చివరిది. ఇరుగూ పొరుగూ అంటూ పోతే దీనికి అంతెక్కడ? ఒక జంట కోసం కౌంటీ చరిత్ర రాయాలా? కొంతవరకు ఔను. అయితే ఆ పల్లె దంపతుల లోకం మనం భయపడేంత పెద్దది కాదు. పెళ్లి సంబంధాలు, చర్చి, జిన్ను, దుకాణం బండి మీద ఒక పూటలో పోయి వచ్చే దూరంలోనే ఉండేవి. పైగా హద్దు గీసే పని కాలమే కొంత చేసేసింది. 1921 జనవరిలో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో 1890 జనగణన దెబ్బతిని దాదాపుగా మొత్తం పోయింది. 1880కీ 1900కీ మధ్య ఒక తరం పెళ్లిళ్లు, వలసలు ఆ బూడిదలో ఉన్నాయి. మిగిలిన కొద్దిపాటి కాగితంలో సగం పేర్లు మనవాళ్లవి కావని కొట్టేయడం మాత్రం కాలం చేసిన పని కాదు. పాత రోజుల్లో అచ్చయిన వీలునామాల సారాంశాలు చాలావాటిలో భూమి సరిహద్దులు, వెండి చెంచాలు, పక్క దుప్పట్లు వివరంగా ఉంటాయి, బానిసల పేర్లున్న చోట ‘ఇంకా కొందరు నీగ్రోలు’ అని సర్దేసి ఉంటుంది. సారాంశం రాసినవాడి కళ్లెదుట మూలప్రతిలో ఆ పేర్లున్నాయి. తన పూర్వికుల కోసం పుస్తకం వేసుకుంటున్న మునిమనవడు ఆ మూలప్రతికి తిరిగి వెళ్లి, ఆ పేర్లను కూడా తన పుస్తకం చివరి నామసూచికలో, అక్షరక్రమంలో, తన అవ్వతాతల పేర్ల మధ్యనే వేయించగలడు. అందుకయ్యే అదనపు కాగితం రెండు పేజీలు దాటదు.