వరుని గుర్రము – ముండ్ల కళ్లెము

చిలకలగూడ వీధులలో పెండ్లి ఊరేగింపు సాగునపుడు వరుని మోయు గుర్రమును అందరును ముచ్చటగా చూతురు. బ్యాండు మ్రోతకు, బాణసంచా పేలుళ్లకు బెదరుట గుర్రము స్వభావము. అది బెదరకుండ, నిలిచిన చోటనే అడుగులు వేయునట్లు చేయుటకు కొందరు దాని నోట ముండ్ల కళ్లెము బిగింతురు. పగ్గము లాగినంతనే ముండ్లు నాలుకను, పెదవుల మూలలను గ్రుచ్చుకొనును. చూపరులకది నాట్యము; గుర్రమునకది నొప్పినుండి తప్పించుకొను పెనుగులాట.

ఈ వింత మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రమున ప్రదర్శన గుర్రముల ముందుకాళ్లకు మంట పుట్టించు రసాయనములు పూసి, గిట్టల పైభాగమున గొలుసులు కట్టి నడిపించువారు బయలుదేరిరి. నేలపై కాలు మోపలేక గుర్రము ఎత్తెత్తి అడుగు వేయగా, ఆ నడకకే బహుమతులు! 1970లో అమెరికా కేంద్ర శాసనసభ దీనిని నిషేధించెను. కాని 1976 సవరణ పిమ్మట తనిఖీ చాలవరకు పోటీ నిర్వాహకులు నియమించిన వారి పాలయ్యెను. దొంగ చేతికి తాళము లిచ్చినట్లయినది. గొలుసులను సైతము తొలగింప దలచిన బిల్లు 2019లోను, 2022లోను ప్రతినిధుల సభలో నెగ్గియు సెనేటును దాటలేదు.

మన దేశమున రుక్మిణీదేవి అరండేల్ కృషి ఫలితముగా 1960లో జంతుహింస నివారణ చట్టము వచ్చెను. 1965 నాటి నియమములు ముండ్ల కళ్లెమును స్పష్టముగా నిషేధించినవి. అయినను మొదటి నేరమునకు ఆ చట్టము విధించిన జరిమానా 10 మొదలు 50 రూపాయలు. వరునిపై దిగదుడిచి చల్లు చిల్లర అంతకన్న హెచ్చు.

ఇచ్చట ఒక ధర్మసందేహము కలుగును. గుర్రపువాడు బీదవాడు. కాయకమును పూజగా నెంచు శరణుల బాటలో నడచువారు అతని బ్రతుకుదెరువును తప్పుపట్టవచ్చునా? బసవేశ్వరుడు కాయకమునకు పవిత్రత నొసగెను గాని, కూలి దక్కు ప్రతి పనియు కాయకమని చెప్పలేదు. ధర్మమునకు మూలము దయయని బోధించిన ఆ మహనీయుని దృష్టిలో, మూగజీవి నెత్తుటితో గడించినది దాసోహమునకెట్లు పనికివచ్చును?

అయితే ఆ పాపము గుర్రపువానిదొక్కనిదే యనుట న్యాయము కాదు. గుర్రము ఆడవలెనని కోరినదెవరు? పగ్గము పట్టిన చేతిని చట్టము దండించును. పైకమిచ్చిన చేయి దానికి కానరాదు. జరిమానా పడిననాడు గుర్రపువాని పిల్లలు పస్తుందురు, పెండ్లివారు మరొక గుర్రమును తెచ్చుకొందురు. చట్టము వలదని కాదు. శిక్ష పెరుగవలెను, అద్దెకు తెచ్చినవారికిని అందులో పాలు ఉండవలెను.

చట్టము మారువరకు ఆగనక్కరలేని పని ఒకటి కలదు. నందీశ్వరునకు మ్రొక్కి పెండ్లి పనులారంభించు ఇంటివారు, గుర్రమునకు బయానా ఇచ్చునాడే దాని నోరు తెరిపించి చూడవచ్చును. మామూలు కళ్లెము వాడవలెననియు, బాణసంచా దూరముగా కాల్చుదుమనియు మాట చేసికొన్నచో గుర్రపువాని కూలిలో ఒక్క పైసయు తగ్గదు.