చిన్న ఓడమీద మనుష్యులేరి?

ధ్యానభాగము: యెహెజ్కేలు 4:1–11



గత మాసమున సంఘపు పనిమీద విశాఖపట్టణము వెళ్లియుంటిమి. అచ్చట ఉక్కు కర్మాగారములో పనిచేయుచున్న మా సంఘపు యౌవనుడొకడు, "అయ్యగారూ, మీకొక కొట్టు చూపిస్తాను రండి" అని మమ్మును వెంటబెట్టుకొని పోయెను. చిన్న కొట్టే. గోడలనిండ అట్టపెట్టెలు, ప్రతి పెట్టెమీదను ఒక ఓడయో, విమానమో, యుద్ధపు టాంకియో రంగులలో ముద్రింపబడియున్నది. పెట్టె విప్పినయెడల లోపల ప్లాస్టిక్కు చట్రములకు అంటుకొనియున్న ముక్కలు వందలకొలది కనబడును. వాటిని ఒక్కొక్కటిగా కోసి, అంచులు అరగదీసి, జిగురుతో అతికి, సన్నని కుంచెతో రంగు వేయవలెను. ఓపిక గలవాడు చేసినయెడల నిజమైన ఓడయే అరచేతిలోనికి వచ్చినట్లుండును.

విగ్రహములు చేయరాదను ఆజ్ఞకు ఇవి విరోధము కావా అని యొక పెద్ద మమ్మును మునుపు అడిగియుండెను. అది పెద్ద చిక్కు కాదు. సీనాయిమీద ఆ ఆజ్ఞ నిచ్చిన దేవుడే కెరూబులను చేయుమనెను, మందిరపు మాదిరిని మోషేకు చూపెను, బెసలేలును పనితనపు జ్ఞానముతో నింపెను. అయితే ఆహాజు రాజు దమస్కులో చూచిన బలిపీఠపు పోలికను యాజకుడైన ఊరియాకు పంపి, అట్టిదానినే కట్టించుకొని చెడెను (2 రాజులు 16). మాదిరి చేయుటలో తప్పు లేదు. దేనికి మాదిరి, దానిని ఏ కన్నుతో చూచుచున్నాము అనునదే విచారింపదగినది.

ఆ కొట్టులో మా మనస్సును కలచినది వేరొకటి. కొలతలనుగూర్చి ఆ యౌవనుడు మాకు వివరించుచుండెను. 1:72 అనగా నిజమైనదానిలో 72వ వంతు. అందులో అయిదున్నర అడుగుల మనిషి రెండు సెంటీమీటర్ల పైచిలుకు ఉండును. 1:350లో అర సెంటీమీటరుకు దిగును. 1:700లో నువ్వుగింజంత యగును. "అందుకని ఆ పెట్టెల్లో మనుషులు సాధారణంగా ఉండరండి" అనెను. ఫిరంగులు మాత్రము వెండ్రుకంత సన్ననివైనను లెక్కకు తక్కువ కాకుండ ఉండును!

(మన ఏటికొప్పాక వడ్రంగులు అంకుడు కర్రను తరిణె పట్టి, లక్కరంగు లద్ది చేయు బొమ్మలు జ్ఞాపకమునకు వచ్చినవి. ఆ లక్కపిడతలతో ఆడుకొను పిల్ల వంట చేసి నలుగురికి వడ్డించును. ఇచ్చట నాలుగింట మూడు పెట్టెలు యుద్ధమునకు సంబంధించినవే.)

అతడు కొనదలచిన పెట్టె ర్యూజో అను జపాను విమానవాహక నౌకది. దాని పొడవు, వెడల్పు, 1942 ఆగస్టులో సొలొమోను దీవులయొద్ద మునిగిన సంగతి, అన్నియు అతనికి కంఠతా వచ్చును. ఆ సంవత్సరమే ఏప్రిల్ 6వ తేదీన అదే ఓడనుండి లేచిన విమానములు విశాఖపట్టణపు రేవుమీదను, కాకినాడమీదను బాంబులు వేసిన సంగతిమాత్రము అతడెరుగడు. రేవులో కొందరు ప్రాణములు కోల్పోయిరి. పట్టణస్థులు మూటలు నెత్తిన బెట్టుకొని పల్లెలకు పారిపోయిరి. అట్లు వచ్చినవారికి మా నాయనమ్మ చిన్నతనములో గంజి పోసినదట. ఒక తల్లి చంటిబిడ్డను పొయ్యిదగ్గరకైనను దింపక చంకనే పెట్టుకొని కూర్చున్నదని చెప్పుచుండెడిది. ఇది మేము చెప్పగా ఆ పిల్లవాడు పెట్టెమీది బొమ్మవైపు చాలసేపు చూచెను. పిమ్మట దానిని కొననే కొనెను.

నిజము చెప్పవలెనన్న మాకు కోపము వచ్చినది. "ఇంత విన్నాక కూడ నీకిది కావలెనా నాయనా?" అని అడుగబోయి, బజారులో ఎందుకని ఊరకుంటిమి. అక్కడనుండి సముద్రతీరమునకు పోయి కుర్సురా జలాంతర్గామిని చూచితిమి. 1969 మొదలు 2001 వరకు సేవచేసిన ఆ నౌకను 2002లో తీరమునకు చేర్చి ప్రదర్శనశాలగా తెరచిరి. సుమారు 91 మీటర్ల పొడవు. పెట్టెలోనిదైతే ఒక జానెడు. లోపల నడుము వంచి నడువవలెను. టార్పీడోల ప్రక్కనే నావికుల పడకలు, బీరువాయంత వంటగది. అక్కడ నిలిచినవానికి ఫిరంగికంటె ముందు మనిషి జ్ఞాపకమునకు వచ్చును. ఈ తీరమునకు ఎదుటనే, 1971 డిసెంబరు 3–4 తేదీల నడిరేయి, పాకిస్తానువారి ఘాజీ జలాంతర్గామి 90 మందికి పైగా మనుష్యులతో మునిగిపోయినది. అది ఎట్లు మునిగినదో ఇరుదేశములవారు రెండు విధములుగా చెప్పుదురు. మన సంఘములలో నౌకాదళపు కుటుంబములు అనేకములున్నవి. వారు ఊరికి కావలి కాసినవారు. వారినిగూర్చి తేలికగా మాటలాడము. అయినను ఆ 90 మంది కూడ ఇటువంటి పడకలమీదనే పండుకొనిరి గదా.

రాత్రి తిరుగు బస్సులో యెహెజ్కేలు 4వ అధ్యాయము మాకు తట్టినది. చెరలోనున్న ఆ ప్రవక్తతో దేవుడు ఒక పెంకు తీసికొని దానిమీద యెరూషలేము పట్టణమును గీయుమనెను. చుట్టు ముట్టడి దిబ్బలును, దండును, ప్రాకారమును కొట్టు యంత్రములును అమర్చుమనెను. చూచువారికి అది పిల్లల ఆటవలెనే ఉండియుండును. ఆయన యుద్ధపు బొమ్మను చేయవద్దనలేదు, చేయించెను. అయితే అంతటితో విడువలేదు. దానికెదురుగా ఎడమప్రక్క 390 దినములు, కుడిప్రక్క 40 దినములు పండుకొని ఆ జనుల దోషమును భరింపుమనెను. రొట్టె తూచి తినుమనెను, నీళ్లు కొలిచి త్రాగుమనెను. పెంకుమీద కనబడని మనుష్యుల ఆకలి ప్రవక్త కడుపులో కనబడవలసి వచ్చెను.

ఇక్కడ మా కోపము మామీదికే తిరిగినది. మేమును ప్రతిదినము వార్తాపత్రికలో దూరదేశముల యుద్ధములను 1:700లోనే చూచుచున్నాము. ఇన్ని క్షిపణులు, ఇన్ని విమానములు అని చదివి, టీ త్రాగి, పుట త్రిప్పుచున్నాము. ఆ పిల్లవాడు డబ్బిచ్చి కొని, నెలలకొలది కన్నులు చెడగొట్టుకొని చేయుచున్నాడు; మేము ఊరకనే చూచుచున్నాము. భూమండలముమీద ఆసీనుడైన దేవునికి మనము మిడతలవలె కనబడుదుమని యెషయా చెప్పెను (40:22). అయినను మన తలవెండ్రుకలన్నియు లెక్కింపబడియున్నవని ప్రభువు సెలవిచ్చెను (మత్తయి 10:30). అంత యెత్తునుండి చూచియు ఒక్కని విడువని చూపు అది. మన చూపు కొంచెము పైకి పోయినంతనే మొదట జారిపోవునది మనిషియే.

మొన్న ఆ యౌవనుడు ఫోను చేసెను. ఓడ పూర్తియైనదట. దానిని ఒంటిగా నిలుపక, చెక్కమీద 1942 నాటి విశాఖ రేవును, డాల్ఫిన్స్ నోస్ కొండను చేయుచున్నాడట. "మనుషుల్ని కూడా పెడుతున్నానయ్యగారూ. సన్నటి తీగ తుంచి, పట్టకారుతో నిలబెట్టి, రంగు వేస్తున్నాను. ఇప్పటికి 11 మంది అయ్యారు. చంకలో బిడ్డ ఉన్నావిడ మాత్రం ఎంతకీ కుదరడంలేదు, మూడుసార్లు చేతిలోనే విరిగిపోయింది" అనెను.